పాత డెస్క్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 కార్డా, డిస్క్ లోపలే బిగించడమా, మెషీన్ మార్చడమా?

ఫోకస్_పుల్లర్:
మాది చిన్న స్టూడియో, పెళ్లి వీడియోలు తీస్తాం. ఎడిటింగ్‌కి వేరే మెషీన్ ఉంది. ఫుటేజ్ దించడానికి, పార్టీకి ఇచ్చే డిస్క్‌లు కాపీ చేయడానికి మాత్రం పాత హెచ్61 బోర్డు (ఇంటెల్ పాత తరం మదర్‌బోర్డు) డెస్క్‌టాప్ వాడుతున్నాం. ఐ3, 8 జీబీ ర్యామ్, విండోస్ 10. పోర్టులన్నీ యూఎస్‌బీ 2.0. ఒక పెళ్లికి 300 జీబీ ఈజీగా వస్తోంది. కార్డ్ రీడర్ నుంచి ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి కాపీ పెడితే సెకనుకి 16, 17 ఎంబీ దగ్గర పాకుతోంది. షాపులో ఒకాయన యూఎస్‌బీ 3.0 కార్డు (బోర్డు స్లాట్‌లో గుచ్చితే వేగమైన యూఎస్‌బీ పోర్టులిచ్చేది) వేయించుకోమన్నాడు. పక్క షాపాయన అదంతా దండగ, మెషీనే మార్చెయ్యమన్నాడు. ముహూర్తాలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. కార్డు పెడితే నిజంగా తేడా ఉంటుందా?

బైట్_బాబాయ్:
ఉంటుంది, బోలెడంత. ముందు ఆ 16 ఎంబీ ఎందుకొస్తోందో చూడండి. యూఎస్‌బీ 2.0 కాగితం మీద 480 మెగాబిట్లు, చేతికొచ్చేది 30 నుంచి 40 మెగాబైట్లు. మీ రీడరూ డిస్కూ ఒకే కంట్రోలర్ (పోర్టుల్ని నడిపే చిప్) మీద పడితే చదవడానికీ రాయడానికీ ఆ ఒక్క దారే, అదీ ఒకసారికి ఒకవైపే. అందుకే సగానికి పడిపోయింది.

హెచ్61 బోర్డులో ఉండే చిన్న స్లాట్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ 2.0 రకం, ఒక లేన్ (డేటా నడిచే దారి ఒక్కటే). లెక్క ప్రకారం సెకనుకి 500 ఎంబీ, వాడకంలో 400 అటూ ఇటూ. "5 జీబీపీఎస్ కార్డుకి (సెకనుకి 5 గిగాబిట్లు, అదే యూఎస్‌బీ 3.0 వేగం) ఈ స్లాట్ చాలదు" అని భయపెట్టేవాళ్లుంటారు, పట్టించుకోకండి. పోర్టబుల్ హార్డ్ డిస్క్ 120, 130 దాటడమే గొప్ప. యూహెచ్‌ఎస్-1 రకం ఎస్‌డీ కార్డుకి (కెమెరా మెమరీ కార్డు) డేటా దారి పరిమితే 104 ఎంబీ. రీడర్ కూడా 3.0 రకమైతే 300 జీబీ గంటలోపు దిగిపోతుంది. ఇప్పుడు ఐదు గంటలు పడుతుండాలి. గోరుతో పోయేదానికి గొడ్డలెందుకు?

తెరిచిన_క్యాబినెట్:
లెక్కలు సరే బాబాయ్, సలహాతోనే పేచీ. ఆ బోర్డులో సాటా పోర్టులు (లోపలి డిస్క్‌లు తగిలించేవి) ఖాళీగా ఉంటాయి. 3 జీబీపీఎస్ రకమే అయినా తిరిగే డిస్క్‌కి అది ఎక్కువే. 7200 ఆర్‌పీఎం పెద్ద డిస్క్ ఒకటి లోపల బిగిస్తే 200 దాకా వస్తుంది. కేబుల్ వదులవడం, టేబుల్ మీంచి డిస్క్ కింద పడటం ఉండవు.

ఇంకో సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఎక్కువ కెపాసిటీ పోర్టబుల్ డిస్క్‌లు చాలావరకు ఎస్ఎంఆర్ రకం. ట్రాకులు ఒకదాని అంచు మీదికి ఇంకొకటి ఎక్కేలా రాస్తాయి. కొత్తగా, ఖాళీగా ఉన్నప్పుడు బాగానే పోతుంది. నింపి, చెరిపి, మళ్లీ నింపడం మొదలెట్టాక కాసేపటికే వేగం చతికిలబడుతుంది, ఎందుకంటే ఒక ట్రాక్ మార్చాలంటే పక్కవి కూడా తిరగరాయాలి. దానికి 5 జీబీపీఎస్ పోర్టు పెట్టినా, 20 పెట్టినా ఒకటే.

బైట్_బాబాయ్:
ఎస్ఎంఆర్ సంగతి నిజమే. కానీ మీరు డిస్క్‌ని లోపల పెట్టినా రీడర్ బయటే ఉంటుంది కదా, అదే పాత 2.0 పోర్టులో. 35 దగ్గర ఆగిపోతారు. 300 జీబీకి రెండు గంటల పైమాటే. పార్టీకి ఇచ్చే డిస్క్ క్యాబినెట్‌లో బిగించి ఇస్తామా?

ఇంకోటి, ఇంట్లో ఉన్న పోర్టబుల్ డిస్క్ డబ్బా పగలగొట్టి లోపలిది సాటాకి తగిలిద్దామనే ఆలోచన ఎవరికైనా ఉంటే ఆపెయ్యండి. కొన్ని మోడళ్లలో డిస్క్ బోర్డు మీదే యూఎస్‌బీ సాకెట్ ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. వారంటీ పోతుంది, పని కాదు.

తెరిచిన_క్యాబినెట్:
రీడర్ కోసం కార్డు పెట్టుకోమనండి, నేనేం అడ్డుపడను. మాస్టర్ కాపీ మాత్రం లోపలే ఉండాలంటున్నా.

సత్తు_గిన్నె:
లోపల ఎప్పుడూ తిరుగుతూ ఉండేదాన్ని బ్యాకప్ అనుకోకండి. పవర్ సప్లై పేలినా, ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బడిగే వైరస్) దూరినా రెండు డిస్క్‌లూ కలిసే పోతాయి. వేరేవాళ్ల పెళ్లి అండీ, మళ్లీ తీయలేం. కాపీ అయ్యాక పీకి బీరువాలో పెట్టే డిస్క్ ఒకటి కావాల్సిందే, కాబట్టి బయటి కనెక్షన్ వేగం కావాల్సిందే.

రిటైర్డ్_మెకానిక్:
ఈసాటా బ్రాకెట్ ఎవరికీ గుర్తు రాలేదా? లోపలి సాటా పోర్టుని వెనక్కి తీసుకొచ్చే చిన్న రేకు ముక్క. కార్డు లేదు, డ్రైవర్ లేదు.

బైట్_బాబాయ్:
గుర్తుంది సార్, కానీ ఆ కేబుల్‌లో కరెంటు రాదు, డిస్క్‌కి వేరే అడాప్టర్ పెట్టాలి. సాటా పోర్టు ఏహెచ్‌సీఐ మోడ్‌లో (మెషీన్ నడుస్తుండగా డిస్క్ తీసి పెట్టనిచ్చే సెట్టింగ్) లేకపోతే తీసి పెట్టినప్పుడల్లా రీస్టార్ట్. ఆ సాకెట్ ఉన్న డిస్క్ డబ్బాలు ఇప్పుడు వెతుక్కోవాలి. ఇచ్చిన డిస్క్ పెళ్లివాళ్లింట్లో దేనికి తగిలిస్తారు?

కొత్తదే_కొనండి:
విండోస్ 10 సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఈ బోర్డు మీద విండోస్ 11 అధికారికంగా ఎక్కదు, కనీసం ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసరూ, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ కావాలి. కంపెనీలు వదిలేసిన ఎనిమిదో తరం సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ తీసుకుంటే యూఎస్‌బీ 3 బోర్డులోనే వస్తుంది. ఇవాళ కార్డు, రేపు పవర్ సప్లై, ఎల్లుండి ర్యామ్. చివరికి తడిసి మోపెడవుతుంది.

సత్తు_గిన్నె:
ఆ మాటలో న్యాయం ఉంది. కానీ సీజన్ నెత్తి మీదుంది, ఆయనకిది కాపీ మెషీన్ మాత్రమే. నెట్ కేబుల్ పీకేసి ఈ సీజన్ గడిపి, తర్వాత మార్చుకోవచ్చు. పార్టీవాళ్ల పెన్‌డ్రైవ్‌లు మాత్రం దానికి తగిలించకండి.

కార్డు కొంటే చవకబారువి వద్దు. కాపీ మధ్యలో డిస్క్ మాయమై, మళ్లీ "టింగ్" అని ప్రత్యక్షమయ్యే రకం నేను చూశాను. చాలాసార్లు అది కరెంటు చాలకే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో 12 వోల్టులు, 3.3 వోల్టులు ఉంటాయి, యూఎస్‌బీకి కావాల్సిన 5 వోల్టులు ఉండవు. అందుకే కార్డు మీద పవర్ సాకెట్ ఇస్తారు. దానికి ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి వైరు తప్పకుండా తగిలించండి. చాలామంది ఖాళీగా వదిలేసి కార్డుని తిడతారు.

ఫోకస్_పుల్లర్:
అందరికీ థ్యాంక్స్. మూత తీసి చూశా. చిన్న స్లాట్ ఒక్కటే ఉంది, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాన్ దాన్ని పూర్తిగా మూసేసింది. ఇక కార్డు ఆశ వదులుకోవాలా?

బైట్_బాబాయ్:
గ్రాఫిక్స్ కార్డు పీకెయ్యండి. కాపీ చేసే మెషీన్‌కి అదెందుకు? మీ ఐ3లోనే గ్రాఫిక్స్ ఉంటుంది, మానిటర్ కేబుల్ బోర్డు పోర్టుకి మార్చండి. చిన్న స్లాట్ ఎలాగూ తెరుచుకుంటుంది. అక్కడేదైనా ఇబ్బందైతే యూఎస్‌బీ కార్డుని పెద్ద స్లాట్‌లో పెట్టినా చాలా బోర్డులు తీసుకుంటాయి.

బిగించాక రీడర్, డిస్క్ రెండూ కొత్త పోర్టుల్లోనే ఉండాలి. డిస్క్ వైపు వెడల్పాటి సాకెట్‌లో పాత ఫోన్ ఛార్జర్ కేబుల్ కూడా సగానికి పడుతుంది, పని చేస్తుంది, కానీ 2.0 వేగంతోనే. డిస్క్‌తో వచ్చిన కేబులే వాడండి. ప్లగ్‌ని నెమ్మదిగా నెడితే కూడా ఒక్కోసారి 2.0గానే గుర్తిస్తుంది, ఎందుకంటే పాత పిన్నులు ముందు తగులుతాయి. ఒక్క ఊపులో గుచ్చండి. వైర్‌లెస్ మౌస్ ఉంటే దాని డాంగిల్ క్యాబినెట్ ముందు పోర్టుకి మార్చండి. యూఎస్‌బీ 3.0 నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద వస్తుంది, కాపీ నడుస్తున్నంతసేపు మౌస్ తడబడుతుంది.