జెర్మాట్‌లో మాకు మొదటి చలికాలం, ఏం సిద్ధం చేసుకోవాలి?

నమస్కారం అండి. మాది కాకినాడ. మా ఆయనకు హోటల్ వంటగదిలో పని దొరకడంతో సెప్టెంబరులో స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్‌కు వచ్చాం. ఇప్పుడు నవంబరు. స్కీ సీజన్‌కు ముందు చాలా హోటళ్లు మూసి ఉన్నాయి, వీధులు బోసిగా ఉన్నాయి. మ్యాటర్‌హార్న్ పర్వతం మాత్రం రోజూ పొద్దున్నే ఎర్రగా మెరుస్తుంది, ఎంత చూసినా తనివి తీరదు.

నాకున్న టెన్షన్ మా ఐదేళ్ల పాప గురించి. ఈ ఊళ్లోకి పెట్రోలు కార్లు రానివ్వరు, బడికి నడిచే వెళ్లాలి. మొన్న గడ్డకట్టిన మంచు మీద ఇద్దరం జారిపడ్డాం. పిల్లలకు ఎలాంటి బూట్లు కొనాలి? కింద తగిలించుకునే ముళ్ల పట్టీలు చిన్నవాళ్లకు పనికొస్తాయా? లోపల ఉన్ని బట్టలు ఎన్ని పొరలు వేయాలి?

ఇంకొకటి. 2018 జనవరిలో మంచుకు రోడ్డు, రైలు రెండూ ఆగిపోయి సుమారు 13,000 మంది పర్యాటకులు ఇక్కడే చిక్కుకుపోయారట. ఇంట్లో ఎన్ని రోజులకు సరిపడా సరుకులు ఉంచుకుంటారు? బియ్యం, కందిపప్పు దగ్గర్లో ఎక్కడ దొరుకుతాయి? ఊరు 1,600 మీటర్ల ఎత్తులో ఉంది కదా, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపటికీ ఉడకడం లేదు. కుక్కర్ తెప్పించుకోవడమేనా?

ఆల్ప్స్‌లో చలికాలం గడిపినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.