టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలే వేయమంటే జూనియర్లు ఏం చేయాలి?

కొత్త కాపీరైటర్:
యాడ్ ఏజెన్సీల్లో జూనియర్లు రాత్రి పదింటిదాకా కూర్చున్నా టైమ్‌షీట్‌లో ఎనిమిది గంటలే వేయమంటారు. అంతకు మించి వేస్తే పని చేతకాదనుకుంటారని భయం. ఉన్నది ఉన్నట్టు వేయడమే మంచిదా? సాయంత్రం పూట వచ్చిపడే మార్పుల్ని ఆపే దారి ఉందా?

క్లయింట్ సర్వీసింగ్:
ఉన్నది ఉన్నట్టే వేయండి. రిటైనర్ (నెలనెలా ఫీజు కట్టే ఒప్పందం) కుదిరేటప్పుడు చాలాచోట్ల ఏ స్థాయి మనిషివి నెలకు ఎన్ని గంటలు అన్న లెక్క మీదే ఫీజు నిలుస్తుంది. 80 గంటలనుకున్న డిజైనర్ పని నిజానికి 130 తిన్నా, షీట్‌లో 80 ఉంటే ఆ క్లయింటు లాభసాటిగానే కనిపిస్తాడు. ఒప్పందం తిరగరాసేటప్పుడు మళ్లీ అదే 80. ఇంకో మనిషిని తీసుకుందామన్నా చూపించడానికి ఆధారం ఉండదు. ఆ 50 గంటలూ జూనియర్ నిద్రలోంచి పోతాయి.

ఉత్తినే "డిజైన్, 10 గం." అని రాస్తే మాత్రం చేతకానితనంలాగే కనిపిస్తుంది. జాబ్ నంబర్, ఎన్నవ రౌండు మార్పు, అది కోరిందెవరు అన్నవి ఉండాలి: "రౌండ్ 4, హెడ్‌లైన్ మార్పు, క్లయింటు కోరింది, 2 గం." లోపలివాళ్లు చెప్పిన దిద్దుబాట్లు వేరుగా, పిచ్ (కొత్త క్లయింటును గెలుచుకోవడానికి చేసి చూపే) పని వేరుగా. పిచ్‌కి సాధారణంగా ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి ఎక్కువ గంటలు మాయమయ్యేది అక్కడే. ఏ రోజుది ఆ రోజే రాయండి. శుక్రవారం గుర్తు తెచ్చుకుని రాస్తే చిన్న పనులన్నీ జారిపోతాయి.

స్టూడియో ట్రాఫిక్:
సాయంత్రం మార్పులకు మూలం ఫీడ్‌బ్యాక్ ముక్కలుముక్కలుగా రావడం. ముందు బ్రాండ్ మేనేజర్, తర్వాత ఆయన పైవాళ్లు, ఆఖర్న లీగల్. అందరి మాటా ఒకే మెయిల్లో తెప్పించాల్సింది క్లయింటుతో మాట్లాడే సర్వీసింగ్‌వాళ్లు. జూనియర్ కాదనలేకపోయినా మూడు సంగతులు అడగొచ్చు: మార్పు ఏ వెర్షన్ మీద, ఓకే చెప్పేదెవరు, యాడ్ బయటికి వెళ్లేదెప్పుడు. మూడోది తప్పకుండా అడగండి. "అర్జెంట్" అన్నది చాలాసార్లు క్లయింటు పొద్దుటి మీటింగ్ కోసమే, విడుదలకు ఇంకా రోజులుంటాయి.

మాస్టర్‌కు (అసలు డిజైన్‌కు) రాతపూర్వకంగా ఓకే రాకుండా అడాప్ట్‌లు (దాన్నే వేర్వేరు సైజులకు మార్చడం) మొదలుపెట్టొద్దు. ఒక్కో సైజుకు 20 నిమిషాలనుకున్నా 12 సైజులకు నాలుగు గంటలు. మాస్టర్‌లో ఒక్క లైను మారితే అన్నీ మళ్లీ తెరవాలి. కాపీ రాసేవాళ్ల చేతిలో కూడా ఒకటుంది. 300×250 పిక్సెళ్ల వెబ్ బ్యానర్‌లో నాలుగు వరుసల్లో సర్దుకున్న హెడ్‌లైన్ సన్నటి 728×90లో పట్టదు. పొట్టి వెర్షన్‌ను మొదటి రౌండులోనే ఓకే చేయించుకుంటే ఆఖరి రాత్రి కాపీ కోయాల్సిన అవసరం రాదు.

కొత్త కాపీరైటర్:
ధన్యవాదాలండి. గంటల్ని పైవాళ్లే తగ్గించి అప్రూవ్ చేస్తే?

క్లయింట్ సర్వీసింగ్:
సొంత లెక్క ఒకటి ఉంచుకోండి: తేదీ, వచ్చిన సమయం, వెళ్లిన సమయం, జాబ్ నంబర్. క్లయింటు పేరు, ఫైళ్లు అందులోకి రానీయొద్దు, గోప్యత నిబంధన మీ మెడకే చుట్టుకుంటుంది. వారం చివర మీ సూపర్‌వైజర్‌కు చిన్న మెయిల్ పెట్టండి: "ఈ వారం 58 గంటలయ్యాయి. వచ్చే వారం ఈ మూడు జాబుల్లో దేన్ని వెనక్కి నెట్టమంటారు?" ఫిర్యాదులా ఉండదు, రికార్డు మిగులుతుంది.

దీన్ని చిన్న విషయమని ఎవరూ అనుకోవద్దు. వారానికి 35–40 గంటలు చేసేవాళ్లకన్నా 55 లేదా అంతకు మించి చేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. జపాన్ ఏజెన్సీ డెంట్సుకు చట్టవిరుద్ధ ఓవర్‌టైమ్ కేసులో 2017లో టోక్యో కోర్టు 5 లక్షల యెన్‌ల జరిమానా వేసింది. దానికి ముందు ఒక యువ ఉద్యోగిని ప్రాణం పోయింది.

స్టూడియో ట్రాఫిక్:
ఒకటి కలుపుతాను. షూట్ అర్ధరాత్రి దాటితే మర్నాడు ఎన్నింటికి రావాలో షూట్ ముందే కాల్‌షీట్‌లో రాయించండి. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం 24 గంటల్లో 11 గంటలు వరుసగా విశ్రాంతి ఉండాలి. మీ దగ్గర ఆ చట్టం లేకపోయినా కొలతగా అదే అడగండి. షూట్ అయ్యాక అడిగితే ఎడిట్ మొదలైపోయిందంటారు.