షిషిగామి మరణం తరువాత మొలిచిన పచ్చదనం అడవికి గెలుపా, ఓటమా?

నాగావళి (రాయగడ)

హయావొ మియజాకి దర్శకత్వంలో 1997 జూలైలో జపాన్‌లో విడుదలైన యానిమేషన్ చిత్రం ‘ప్రిన్సెస్ మోనోనోకె’ను ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. చూడనివారి కోసం కథను క్లుప్తంగా చెబుతాను. ఒంట్లో ఇనుప గుండు దిగిన నాగో అనే అడవిపంది దేవుడు ఆ బాధకూ కసికీ శాపగ్రస్తుడై ఒక మారుమూల పల్లె మీదికి దూసుకువస్తాడు. ఊరిని కాపాడటానికి అషిటకా అనే యువరాజు అతడిని చంపుతాడు, కానీ శాపం అతని కుడిచేతికి అంటుకుంటుంది. ఆ గుండు ఎక్కడిదో తెలుసుకోవడానికి పడమటికి బయలుదేరి, కొండల మీది చెట్లు నరికి బొగ్గు కాల్చి ఇనుము తీసే తతరా పట్టణానికి చేరుకుంటాడు. ఆ పట్టణాన్ని నడిపే ఎబోషి ఒక పక్షం. తోడేలు దేవత మోరో పెంచిన సాన్ అనే మనిషి పిల్ల మరొక పక్షం. అడవికంతటికీ ప్రాణమైన దేవుడు షిషిగామి. చివరికి ఎబోషి తుపాకితో షిషిగామి తల తెగగొడుతుంది. తల లేని దేహం నుంచి పొంగిన ద్రవం తాకిన ప్రతిదీ చచ్చిపోతుంది. అషిటకా, సాన్ కలిసి తలను తిరిగి అప్పగించాక దేవుడు కూలిపోతాడు, పెనుగాలి వీస్తుంది, బోడి కొండలన్నీ చూస్తూ ఉండగానే పచ్చబడతాయి.

ఇటీవల మా ఇంట్లో పెద్దలూ పిల్లలూ కలిసి ఈ చిత్రాన్ని చూశాము. ఆ పచ్చదనం కనిపించగానే ప్రకృతి సమతుల్యం తిరిగి వచ్చిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం అలా అనుకోలేకపోతున్నాను. దయచేసి ఆ ఘట్టాన్ని మరొకసారి నిదానంగా చూడండి. అంతకుముందు మనకు చూపిన అడవి చీకటిగా, తడిగా, నాచు పట్టిన మహావృక్షాలతో, వేళ్ళ మధ్య నిలిచిన నీటితో ఉంటుంది. షిషిగామి అడుగు వేసిన చోట మొక్కలు మొలిచి, పూసి, అడుగు తీయగానే వాడిపోతాయి, అంటే పుట్టుకా చావూ రెండూ అక్కడే ఉంటాయి. చివర మొలిచినది ఎండలో మెరిసే గడ్డీ, లేత మొక్కలూ మాత్రమే. మొదట గుంపులు గుంపులుగా తలలు ఆడించిన కొడామా అనే వనదేవతల్లో చివరికి ఒక్కటే కనిపిస్తుంది. అడవి బతికినా ఇది ఇక షిషిగామి అడవి కాదని సాన్ స్వయంగా అంటుంది.

మనం ఉండే ఈ ప్రాంతంలో ఆ తేడాను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. అటవీ భూమిని గనికో ఆనకట్టకో ఇచ్చినప్పుడు బదులుగా వేరొకచోట మొక్కలు నాటించాలనే నియమం 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం కింద వచ్చింది. ఆ సొమ్ము కోసం 2016లో ప్రత్యేకంగా మరొక చట్టం కూడా చేశారు. కాగితంలో ఆ తోట కూడా అడవి లెక్కలోకే వస్తుంది. మా వైపు జామాయిల్ తోటలోకి ఒకసారి నడిచి చూడండి: వరసలు తీర్చిన తెల్లని మానులు, కాలి కింద గలగలలాడే ఎండుటాకులు, అంతే. విస్తరి కుట్టుకోవడానికి ఒక అడ్డాకు తీగ ఉండదు, ఏరుకోవడానికి ఇప్పపువ్వు ఉండదు, జీలుగు చెట్టు ఉండదు, తుప్పల్లో పిట్ట గూడు ఉండదు. దూరం నుంచి చూస్తే అదీ పచ్చగానే ఉంటుంది. అందుకే ఈ చిత్రం ముగింపు అడవి ఓటమి అని నా అభిప్రాయం. మీరేమంటారు?

ప్రాణహిత (అహేరి)

నాగావళి గారూ, మీ పరిశీలన శ్రద్ధగా ఉంది. అయినా మీరు కథ చెప్పిన తీరులోనే ఎబోషికి అన్యాయం జరిగింది. ఆమెను చెట్లు నరికించి దేవుణ్ణి చంపిన మనిషిగా మాత్రమే పరిచయం చేశారు. వేశ్యావాటికలకు అమ్ముడుపోయిన ఆడపిల్లలను డబ్బు కట్టి విడిపించి, కొలిమి తిత్తుల దగ్గర పని ఇచ్చి, తలెత్తుకుని మాట్లాడే ధైర్యం ఇచ్చింది ఆమె కాదా? లోకం వెలివేసిన కుష్ఠు రోగులను తన సొంత తోటలో ఉంచుకున్నది ఎవరు? ఒళ్ళంతా కట్లతో మంచాన ఉన్న వృద్ధుడు, తమను మనుషులుగా చూసి, కుళ్ళుతున్న ఒంటిని కడిగి కట్టు కట్టినది ఆమె ఒక్కతేనని, ఆమెను చంపవద్దని అషిటకాను వేడుకునే ఘట్టాన్ని ఎలా మరచిపోగలము? టోక్యోలో తన ఇంటికి సమీపంలోని కుష్ఠు రోగుల చికిత్సాలయాన్ని చూసిన అనుభవం నుంచే ఆ పాత్రలు వచ్చాయని మియజాకి బహిరంగంగా చెప్పారు.

మా పక్క జిల్లా చంద్రపూర్‌లో, వరోరా దగ్గర, బాబా ఆమ్టే స్థాపించిన ఆనందవన్ ఉంది. అక్కడ కుష్ఠు రోగులు బంజరు భూమిని సాగుకు తెచ్చి, మగ్గాలు పెట్టుకుని, తమ కష్టం మీద బతికారు. అటువంటి చోటును ఎరిగినవారు ఎవరూ తతరా పట్టణాన్ని కేవలం అడవికి శత్రువుగా చూడలేరు.

మా గడ్చిరోలి జిల్లాలో కథ ఇంకా దగ్గరగా ఉంది, ఎందుకంటే ఇక్కడ కూడా ఇనుమే. ఏటపల్లి తాలూకాలోని సుర్జాగఢ్ కొండ మాడియా గోండులకు ఠాకూర్‌దేవ్ ఉండే చోటు. ఆ కొండలోనే ఇనుప రాయి ఉంది. ఆలాపల్లి దారిలో టేకు ఆకుల మీద ఎర్రటి దుమ్ము పేరుకుని ఉండటం నేను కళ్ళారా చూస్తున్నాను, దానిని దాచను. అదే సమయంలో, పని కోసం హైదరాబాదు పోవలసి వచ్చే కుర్రాళ్ళు ఇంటి దగ్గరే ఉండి జీతం తెచ్చుకోవడమూ చూస్తున్నాను. వారి తల్లుల ముందు నిలబడి అడవి గెలవాలని నేను చెప్పలేను. గెలుపా, ఓటమా అనే ప్రశ్నలో పట్టణం మనుషులకు చోటే లేకుండా పోయింది.

వంశధార (గుణుపురం)

నేను వ్యవసాయం చేసేవాడిని కనుక ఒక్క విషయం మాత్రం చెబుతాను. ఈ చిత్రంలో నా మనసు నిలిచిపోయింది పందుల దగ్గర. మొక్కజొన్న పాలుపోసుకునే రోజుల్లో అడవిపందుల మంద ఒక్క రాత్రి దిగితే తెల్లవారేసరికి ఏమి మిగులుతుందో మంచె మీద కాపలా పడుకున్నవారికి తెలుసు, కాబట్టి పందిని దేవుడనడం నాకు మొదట మింగుడుపడలేదు. కానీ చేను చుట్టూ దొంగతనంగా కరెంటు తీగ కట్టడాన్ని కూడా నేను ఒప్పుకోను. ఆ తీగ పందిని చూసుకుని చంపదు. పశువునూ చంపుతుంది, చీకట్లో నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మనిషినీ చంపుతుంది. నాగో ఒంట్లోని గుండు, దానిని పేల్చిన వారితో ఏ సంబంధమూ లేని పల్లెను పట్టుకున్నట్టుగానే ఇదీ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

వంశధార గారు చెప్పినది మా వైపు ఏనుగుల విషయంలో అక్షరాలా జరుగుతున్నది. లఖారి లోయలోని ఏనుగులు కొండలు దాటి ఆంధ్ర వైపు దిగడం, చేలు తొక్కడం, కరెంటు తీగలకు బలి కావడం మా పత్రికల్లో మామూలు వార్తలైపోయాయి. దారి మూసుకుపోయిన జంతువు ఏదో ఒక ఊరి మీదికి రాక తప్పదు.

అయితే చర్చలో ఇంతవరకు రాని ఒక సంగతి ఉంది. తతరా అనేది మియజాకి కల్పన కాదు. నది ఇసుకలోనూ కొండ మట్టిలోనూ దొరికే ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో కరిగించే పద్ధతి జపాన్‌లో వందల ఏళ్ళు నడిచింది, షిమానే ప్రాంతంలో నేటికీ కత్తుల ఉక్కు కోసం కొలిమి వెలిగిస్తారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు సాగే ఒక్క విడతకు సుమారు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల బొగ్గు పడితే చేతికి వచ్చే ముద్ద రెండున్నర టన్నులు. ఇనుము కంటే బొగ్గు ఎన్ని రెట్లు ఎక్కువ పడుతున్నదో చూడండి. అంత బొగ్గుకు ఎంత అడవి కావాలి! అందువల్ల అక్కడి కొలిమి యజమానులు కొండను వంతులుగా విభజించి, ఒక భాగం నరికితే అది మళ్ళీ చిగిర్చి ఎదగడానికి సుమారు ముప్పై ఏళ్ళు వదిలేసి, ఆ తరువాతే తిరిగి గొడ్డలి పెట్టేవారు. ఇసుక కోసం తవ్విన వాలులను మెట్ల పొలాలుగా మార్చి వరి పండించారు. నదులు బురదెక్కి కింది రైతులతో తగాదాలు రాలేదని కాదు, వచ్చాయి. కానీ నరకడమూ ఎదగడమూ ఒకే లెక్కలో ఉన్నాయి.

కాబట్టి ఎబోషి తప్పు ఇనుము తీయడంలో లేదని నేను అనుకుంటాను. ప్రభువు అసానో ఆ ఇనుము కోసం పట్టణం మీద పడుతున్న వేళ, షిషిగామి తలను చక్రవర్తికి చేర్చడానికి వచ్చిన జికోబోతో ఆమె ఒప్పందం కుదుర్చుకుంది. అతని తుపాకి దళాన్ని వాడుకున్నందుకు బదులుగా దేవుణ్ణి వేటాడటానికి బయలుదేరింది. పట్టణానికి ఆ తల అవసరమే లేదు. ఎక్కడో రాజధానిలో కూర్చుని చావు లేకుండా బతకాలనుకున్న ఒక మనిషి కోరిక కోసం ఇక్కడి కొండా పోయింది, పట్టణమూ పోయింది. ఇందులో అడవికీ పట్టణానికీ మధ్య ఉన్న వైరం కంటే, ఆ రెండింటినీ ఎన్నడూ చూడనివాడి పెత్తనమే నాకు ఎక్కువగా కనిపిస్తుంది.

నాగావళి (రాయగడ)

మహేంద్రతనయ మాస్టారూ, మీరు చెప్పిన లెక్క చూశాక నా మాటను మరింత గట్టిగా చెప్పగలుగుతున్నాను. ముప్పై ఏళ్ళు కొండను వదిలేయాలంటే, ఆగండి అని చెప్పే మనిషి ఒకరు ఉండాలి, ఆ మాటకు విలువ ఉండాలి. ఈ చిత్రంలో అడవి తరఫున మాట్లాడేది ఎవరు? సాన్ మాట్లాడుతుంది, కానీ ఆమె మాట పట్టణంలో ఎవరి చెవికీ ఎక్కదు, ఆమె కత్తి పట్టుకుని ఒంటరిగా రావలసి వస్తుంది. పందుల నాయకుడు ఒక్కోటో కూడా, చావు తప్పదని తెలిసి తన మందనంతా మందుపాతరల మీదికి నడిపిస్తాడు. నరకడానికి ముందు అక్కడివారిని అడిగిన సందర్భం చిత్రంలో ఒక్కటీ లేదు.

ఇక్కడే నేను నియమగిరిని తలచుకోకుండా ఉండలేను. రాయగడ, కలహండి జిల్లాల మధ్య ఉన్న ఆ కొండలను డొంగ్రియా కోందులు నియమరాజు నివాసంగా కొలుస్తారు, శిఖరం మీది చెట్లపై గొడ్డలి వేయరు. ఆ శిఖరంలోనే బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే రాయి, ఉంది. ఆ రాతి పొర వాన నీటిని స్పంజిలా పీల్చుకుని ఏడాది పొడుగునా కొద్దికొద్దిగా వాగుల్లోకి వదులుతుంది. గుణుపురం మీదుగా పారే వంశధార పుట్టేది ఆ కొండల్లోనే. బుధవారం నాడు చాటికోన సంతలో డొంగ్రియా స్త్రీలు బుట్టలు దించి అమ్మే అనాసపళ్ళూ అల్లమూ పసుపూ ఆ నీటి పంటలే. దానిని తవ్వుకోవడానికి ఒడిశా మైనింగ్ కార్పొరేషన్ వేసిన కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండపై అక్కడివారికున్న ఆరాధన హక్కుల మాట గ్రామసభలే తేల్చాలని తీర్పు ఇచ్చింది. ఆ జూలై, ఆగస్టు నెలల్లో రాయగడలో 7, కలహండిలో 5, మొత్తం 12 గ్రామాల్లో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ తవ్వకానికి అనుమతి నిరాకరించింది.

తల తెగిన తరువాత తిరిగి ఇచ్చినందుకు వచ్చే పచ్చదనానికీ, గొడ్డలి లేవకముందే ఊరు కూర్చుని మాట్లాడుకున్నందుకు మిగిలిన అడవికీ పోలిక లేదు. ప్రాణహిత గారూ, ఎబోషి దయను నేను తక్కువ చేయడం లేదు. తన వారి విషయంలో ఆమె తల్లిలాంటిదే. ఆమె దయ పట్టణం కంచె దాటలేదన్నదే నా బాధ.

ప్రాణహిత (అహేరి)

గ్రామసభల తీర్పు పట్ల నాకూ గౌరవమే ఉంది. కానీ ఆ పన్నెండు గ్రామాలను ఎంచినది రాష్ట్ర ప్రభుత్వమేనని, కొండ మీద ఇంకా ఎన్నో పల్లెలను అడగనే లేదని అప్పట్లోనే విమర్శ వచ్చింది కదా. పైగా ఆ కొండ బాక్సైట్ మీద ఆశతో లాంజిగఢ్‌లో కట్టిన అల్యూమినా కర్మాగారం మూతపడలేదు. దానికి బాక్సైట్ వేరే చోట్ల నుంచి వస్తున్నది. ఒక కొండ మిగిలిందంటే దాని బరువు మరొక కొండ మీద పడింది. మీ జిల్లాలోనే కాశీపూర్ వైపు సిజిమాలి కొండ మీద బాక్సైట్ తవ్వకం గురించి నడుస్తున్న వివాదం మీకు తెలియనిది కాదు.

చిత్రం విషయానికి వస్తే, మీరు సాన్ మాటను ఉదహరించారు, దానికి అషిటకా చెప్పిన జవాబును వదిలేశారు. షిషిగామి చావడని, ఆయనే ప్రాణమని, చావూ బతుకూ రెండూ ఆయనేనని అషిటకా అంటాడు. ఆ తరువాత సాన్ అడవిలో ఉండిపోతుంది, అతను తతరా పట్టణంలోనే ఉండి మళ్ళీ కట్టడంలో చేయి వేస్తానంటాడు. చేయి పోగొట్టుకున్న ఎబోషి కూడా ఈసారి మంచి ఊరు కడదామంటుంది. మియజాకి తన కథానాయకుణ్ణి అడవిలోకి పంపకుండా ఇనుము కరిగించేవారి మధ్య నిలిపాడు. మీరు ఓటమి అంటున్న చోట నాకు పని మొదలవడం కనిపిస్తున్నది.

నాగావళి (రాయగడ)

అషిటకా నిర్ణయాన్ని నేనూ గౌరవిస్తాను. చేతి మీద మచ్చ మిగిలి ఉన్న మనిషి ఆ పట్టణంలో ఉండటం అవసరమే. సిజిమాలి గురించి మీరన్నదీ నిజమే, అందువల్లనే నా సందేహం ఇంకా తీరలేదు. కొత్త ఊరికి కొత్త కొలిమి కావాలి, ఆ కొలిమికి మాస్టారు చెప్పిన లెక్క ప్రకారం విడతకు 12 టన్నుల బొగ్గు కావాలి. అది ఏ కొండ నుంచి వస్తుంది, ఎవరిని అడిగి తెస్తారు అన్నది చిత్రంలో లేదు. అషిటకా మొదటి రోజునే ఆ ప్రశ్న వేశాడని చూపించి ఉంటే నేను మీ పక్షానికి వచ్చేదాన్ని.