నోటిఫికేషన్‌లో పేరున్న డిగ్రీయే డిగ్రీనా? 'తత్సమాన అర్హత' ఎవరు, ఎప్పుడు తేల్చాలి?

విల్లివాక్కం వాసి:

చెన్నైలో ఉంటూ ప్రభుత్వ ఉద్యోగాలకు చదువుతున్న మన పిల్లలందరికీ పనికొచ్చే విషయం కాబట్టి ఇక్కడ పెడుతున్నాను. నోటిఫికేషన్‌లో 'ఫలానా డిగ్రీ లేదా తత్సమాన అర్హత' అని రాస్తారు. ఆ తత్సమానం కింద ఏవేవి వస్తాయో మాత్రం రాయరు.

మా తమ్ముడు బీఎస్సీ కంప్యూటర్ టెక్నాలజీ చదివాడు. ఓ నియామకంలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ లేదా తత్సమానం అడిగారు. ఏ సంస్థో చెప్పను, నా గొడవ ఒక్క ఆఫీసుతో కాదు. ఫీజు కట్టించుకున్నారు, హాల్ టికెట్ ఇచ్చారు, రాతపరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలన రోజున టేబుల్ దగ్గరున్నాయన మార్కుల మెమోల జోలికే పోలేదు. పట్టా మీద కోర్సు పేరు చూసి, చెక్‌లిస్టులో 'సమానత జీవో జతచేయలేదు' (అంటే ఈ డిగ్రీ ఆ డిగ్రీకి సమానం అని ప్రభుత్వం ఇచ్చే ఉత్తర్వు లేదు) అని ఎర్ర సిరాతో రాసి, కింద వాడి చేత సంతకం పెట్టించుకున్నాడు. పేజీ పేజీకీ యూనివర్సిటీ ముద్ర వేయించిన సిలబస్ కట్ట వాడి చేతిలోనే ఉంది. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్, నెట్‌వర్క్స్ అన్నీ ఉన్నాయి అందులో. ఆ కట్టకు కట్టిన దారం కూడా ఎవరూ విప్పలేదు.

పేరు పెట్టింది కాలేజీ, దానికి ఒప్పుకున్నది యూనివర్సిటీ. శిక్ష మాత్రం చదివినవాడికా? పాఠాలు చూసి తేల్చాలంటాను నేను. మీరేమంటారు?

పెరంబూరు పెద్దాయన:

బాబూ, సర్వీసంతా నియామకాల ఫైళ్ళతోనే గడిచింది నాకు. మీ తమ్ముడి సంగతి వింటే బాధగానే ఉంది. కానీ టేబుల్ దగ్గర కూర్చున్న గుమాస్తాకి సిలబస్ చదివి ఇది దానికి సమానం అని తేల్చే అధికారం లేదు, ఉండకూడదు కూడా. ఒకడి కట్ట విప్పి ఒప్పుకుని, ఇంకొకడి కట్ట విప్పకపోతే ఏమవుతుందో ఆలోచించు. సిఫార్సు ఉన్నవాడి సిలబస్ ఎప్పుడూ సరిపోతుంది.

ఇంకోటి. 1990లో విజయనగరం కలెక్టర్, త్రిపురసుందరీదేవి కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ప్రకటనలో అడిగిన అర్హత లేనివాళ్ళని తీసుకుంటే అది అభ్యర్థికీ ఆఫీసుకీ మధ్య వ్యవహారం కాదు, ప్రజలను మోసం చేయడమే అంది. ఎందుకంటే అలా తీసుకున్నవాళ్ళకున్న అర్హతే తమకీ ఉండి కూడా, ప్రకటన చూసి, మనకి రాదులే అని దరఖాస్తే పెట్టనివాళ్ళు ఎందరో ఉంటారు. కంప్యూటర్ టెక్నాలజీ చదివి ఆ నోటిఫికేషన్ వదిలేసినవాళ్ళకి నువ్వేం సమాధానం చెబుతావు?

సమానత అనేది నిపుణుల పని అని 1974లోనే మహమ్మద్ షుజాత్ అలీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. అది మన కేసే. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఇంజనీరింగ్ శాఖలో హైదరాబాద్ వాళ్ళనీ ఆంధ్ర వాళ్ళనీ కలిపినప్పుడు వచ్చిన తగాదా. నిపుణుల సంఘం చెప్పిందాన్ని పట్టుకుని ప్రభుత్వం నిర్ణయిస్తే, కోర్టులు తేలిగ్గా కదిలించవు.

అంబత్తూరు ఐటీఐ:

పెద్దాయన మాటకి నేనూ ఓటేస్తాను, వేరే కారణంతో. నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ని. మాకు వచ్చే పోస్టులే తక్కువ. వాటికి కూడా డిప్లొమా వాళ్ళు, బీటెక్ వాళ్ళు వచ్చి మాది పెద్ద చదువు, ఐటీఐ దానిలోనే ఉంది అంటారు. లేదు అన్నా. స్తంభం ఎక్కి జంపరు కట్టడం, మోటారు వైండింగు విప్పి చుట్టడం వాళ్ళకి ఏ సెమిస్టర్లో నేర్పారు?

2018లో జహూర్ అహ్మద్ రాథర్ కేసు ఇదే. జమ్మూ కశ్మీర్ విద్యుత్ శాఖలో టెక్నీషియన్ పోస్టులకి పదో తరగతితో పాటు ఐటీఐ అడిగారు, ఎలక్ట్రికల్ డిప్లొమా వాళ్ళు మాకూ ఇవ్వండి అన్నారు. పై చదువు ఉన్నంత మాత్రాన కింది అర్హత ఉన్నట్టు కాదు, రూల్లో ఉంటేనే లెక్క అని కోర్టు తేల్చింది. 2023 ఆగస్టులో బీఈడీ వాళ్ళకి ప్రైమరీ టీచరు పోస్టులు కుదరవన్నది కూడా ఇలాంటిదే. చిన్నపిల్లలకి చెప్పడానికి డీఈడీలో ఇచ్చే తర్ఫీదు వేరు. మాకున్న మెట్టు ఒక్కటే, దాన్నీ పైవాళ్ళకి ఇచ్చేస్తే మేమెక్కడ కాలు పెట్టాలి?

విల్లివాక్కం వాసి:

తమ్ముడూ, నీ మాటతో నాకు పేచీ లేదు. నువ్వు చెప్పేది పై చదువు, కింది చదువు సంగతి. నేనడిగేది ఒకే మెట్టు మీద ఉన్న రెండు డిగ్రీల సంగతి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే అసలు ప్రశ్న పక్కకి పోతోంది. నీ దాంట్లో కూడా రూల్లో ఏముందో అదే తేల్చింది చూడు. 2010లో జ్యోతి కేసులో కేరళ విద్యుత్ బోర్డు సబ్ ఇంజనీరు పోస్టుకి డిప్లొమా అడిగితే, బీటెక్ వాళ్ళు కూడా అర్హులేనంది సుప్రీంకోర్టు. కేరళ సర్వీసు రూల్లోనే అందుకు చోటుంది కాబట్టి. రాసిపెట్టి ఉంటే గెలిచారు, లేకపోతే ఓడారు. ముందే రాసిపెట్టమనే నేనూ అడుగుతున్నది.

పెద్దాయన గారూ, గుమాస్తా తేల్చకూడదన్న మీ మాట నాకు నచ్చింది. నేను ముందు అన్నదాన్ని అంతమేరకు మార్చుకుంటాను. కానీ నిపుణులు తేల్చాలంటే నిపుణులు కూర్చోవాలి కదా. షుజాత్ అలీలో సంఘం కూర్చుని చూసింది. మా వాడి డిగ్రీని ఏ సంఘమూ చూడలేదు. చూసి 'సమానం కాదు' అనడం వేరు, చూడకుండానే 'జీవో లేదు' అనడం వేరు. 2020లో ఆనంద్ యాదవ్ కేసులో ఎంఈడీ, ఎంఏ ఎడ్యుకేషన్ తగాదా వస్తే, యూపీలో నిపుణుల అభిప్రాయం తీసుకుని ఎంఈడీని కూడా ఒప్పుకున్నారు, సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అదీ పద్ధతి.

వేళచ్చేరి:

ఇక్కడ ఎవరూ ఎత్తని మాట ఒకటి చెబుతాను. మా అమ్మగారి తరం ఆడవాళ్ళలో చాలామంది ఇంటర్ లేకుండా, అర్హత పరీక్ష రాసి అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చేశారు. పెళ్ళయి పిల్లలు పుట్టాక చదువుకోవడానికి ఉన్న ఒకే దారి అది. ఇక్కడికి వచ్చి టీఎన్‌పీఎస్సీకి (తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కి) పెట్టుకుంటే పది, పన్నెండు, ఆ తర్వాత డిగ్రీ వరసలో ఉండాలంటారు. 2009లో అన్నామలై యూనివర్సిటీ కేసులో, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా చేసిన ఎంఏ చెల్లదని సుప్రీంకోర్టు అన్నాక, తమిళనాడు ప్రభుత్వం ఈ వరసని ఇంకా బిగించింది. రెగ్యులర్, దూరవిద్య సమానమేనని యూజీసీ చెబుతుంది, నిజమే. కానీ వరస తప్పిన డిగ్రీకి ఆ మాట అక్కరకు రాదు. చేరేముందు ఈ సంగతి చెప్పేవాళ్ళు ఎవరూ లేరు, అదే నా బాధ.

పెరంబూరు పెద్దాయన:

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా అనుమానం ఒక్కటే. ఏటా కాలేజీలు పిల్లల్ని ఆకట్టుకోవడానికి కొత్త పేర్లతో కోర్సులు తెస్తున్నాయి. ప్రతి నోటిఫికేషన్‌కి ముందూ నియామక సంస్థ వాటన్నిటినీ తూచాలంటే ఒక్క పోస్టూ భర్తీ కాదు. భారం యూనివర్సిటీ మీద పెట్టాలి. కోర్సు మొదలుపెట్టేముందే ఉన్నత విద్యాశాఖ సమానతా సంఘానికి రాసి, జీవో తెచ్చుకుని, అడ్మిషను పుస్తకంలో అచ్చు వేయాలి. తమిళనాడులో ఆ సంఘం ఉంది, ఏది దేనికి సమానమో, ఏది కాదో జీవోలు వస్తూనే ఉన్నాయి. టీఎన్‌పీఎస్సీ నోటిఫికేషన్ తేదీనాటికే ఆ జీవో వచ్చి ఉండాలంటుంది. ఏపీపీఎస్సీ కూడా సమానం అని చెప్పుకునేవాణ్ణి ప్రభుత్వ ఉత్తర్వు ప్రతి తెమ్మంటుంది. ఇంజనీరింగు టీచర్ల నియామకాల కోసం 2017లో ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) ఏ బ్రాంచి కింద ఏ పేర్లు వస్తాయో గెజిట్‌లో జాబితా ఇచ్చింది. బీఎస్సీలకి ఎందుకు ఇవ్వరు?

విల్లివాక్కం వాసి:

ఇప్పుడు మనం దగ్గరికొచ్చాం. యూనివర్సిటీ మీద భారం పెట్టండి, ఒప్పుకుంటా. అయినా ఒక్కటి మాత్రం నియామక సంస్థే చేయాలి. ఫీజు తీసుకునే ముందే, ఆన్‌లైన్ దరఖాస్తులో కోర్సు పేరు ఎక్కించే చోటే, ఒప్పుకున్న డిగ్రీల జాబితా పెట్టాలి. జాబితాలో లేనివాడు అక్కడే ఆగి, ఇన్ని రోజుల్లోగా అడగవచ్చు అని గడువు ఇవ్వాలి. జవాబు కారణంతో రాతలో రావాలి. పెద్దాయన చెప్పిన ఆ దరఖాస్తే పెట్టనివాళ్ళకి కూడా అప్పుడే న్యాయం జరుగుతుంది, ఎందుకంటే వాళ్ళూ ఆ జాబితా చూస్తారు. 2024 నవంబరులో తేజ్ ప్రకాశ్ పాఠక్ కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం, రూల్స్‌లోనో ప్రకటనలోనో వీలుంటే తప్ప నియామకం మొదలయ్యాక అర్హతలు మధ్యలో మార్చకూడదంది. ఆ 'తత్సమానం' కిందకి ఏవి వస్తాయో చివర్లో తేలిస్తే, అర్హతని చివర్లో రాసినట్టే అవుతుందని నా అభిప్రాయం.

అంబత్తూరు ఐటీఐ:

దానికి నాకూ అభ్యంతరం లేదన్నా. జాబితాలో ఐటీఐ ఒక్కటే ఉంటే డిప్లొమా వాళ్ళు మొదట్లోనే ఆగిపోతారు, కోర్టులో స్టే వచ్చి మా పోస్టింగులు ఏళ్ళ తరబడి ఆగవు.

వేళచ్చేరి:

విల్లివాక్కం గారూ, మీ తమ్ముడు ఇప్పుడేం చేస్తున్నాడు?

విల్లివాక్కం వాసి:

యూనివర్సిటీ రిజిస్ట్రారుకి అర్జీ పెట్టాడమ్మా, మా కోర్సుని సమానతా సంఘానికి పంపండి అని. సిలబస్ పక్కపక్కన పెట్టి ఏ పేపరుకి ఏ పేపరు సరిపోతుందో పట్టిక చేసి జతచేశాడు. ఈసారికి వాడికి పోస్టు రాదు, ఆ సంగతి వాడికి తెలుసు. వాడి తర్వాత బ్యాచ్‌లు ఇంకా చదువుతూనే ఉన్నాయి. ఇదే పేరుతో డిగ్రీ ఉన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉంటే చెప్పండి, ఒక్కడి అర్జీ కంటే పదిమంది సంతకాలున్న అర్జీ త్వరగా కదులుతుంది.