తుఫాను స్పెల్ వేస్తే మావాళ్ళు భయపడట్లేదు, డైస్ పెంచనా?

గౌతమీ_గట్టు:
అమలాపురంలో మేం ఐదుగురం ప్రతి ఆదివారం డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు అంటే డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం, కథ నడిపే డీఎం నేనే, 2014 నాటి ఫిఫ్త్ ఎడిషన్ రూల్స్. కథంతా లంకలూ పాయలూ ఉన్న డెల్టాలోనే పెట్టా. వచ్చే నెల మంత్రగత్తె రేవు పట్నం మీదకి తుఫాను వదలాలి. స్టార్మ్ ఆఫ్ వెంజెన్స్ అనే తుఫాను మంత్రం (స్పెల్) వాడదామని లెక్కేస్తే, తొమ్మిదో లెవెల్ స్పెల్ అన్న పేరే గానీ పిడుగు పడనోడికి నిమిషం మొత్తమ్మీద సగటున 38.5 డ్యామేజీ (దెబ్బ), అంతే. మావాళ్ళు పదిహేనో లెవెల్, దులిపేసుకుని పోతారు. డైస్ పెంచెయ్యనా? ఇక్కడ పుట్టినోళ్ళం, తుఫానంటే వణకాలండి కదా.

పాచికల_పిచ్చి:
పెంచొద్దు బ్రో. ఆ స్పెల్ దమ్మంతా మూడో రౌండులో (రౌండంటే ఆటలో ఆరు సెకన్లు) ఉంది, ఆరు పిడుగులు, ఒక్కోదానికి సగటున 35, కానీ ఒకడి మీద ఒక్కటే పడాలి. అసలు బలం మబ్బు సైజులో ఉంది చూడు, 360 అడుగుల రేడియస్, అంటే దాని కింద పాకలు, పడవలు, జనం మొత్తం వచ్చేస్తారు. దెబ్బ హీరోల మీద కాదు, వాళ్ళు కాపాడాల్సినోళ్ళ మీద పడనీ. ఇంకోటి, అది కాన్సంట్రేషన్ స్పెల్, అంటే మంత్రగత్తె ధ్యాస నిలిపినంతసేపే ఉంటది, ఆవిడకి బాణం తగిలితే 10 గానీ డ్యామేజీలో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత సేవ్ (తట్టుకోడానికి వేసే పాచిక) కొట్టాలి, ఫెయిలైతే తుఫాను అక్కడికక్కడే ఆగిపోద్ది.

ముమ్మిడివరం_కొబ్బరి:
తమ్ముడూ, ఈ ఆట మా అబ్బాయి వల్ల తెలుసు నాకు, తుఫాను మాత్రం సొంతంగా తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి నాకు తొమ్మిదేళ్ళు. ముందు ఉత్తరం గాలి, పెంకులు ఒక్కోటీ లేచిపోతుంటే అమ్మ మమ్మల్ని మంచం కిందకి తోసేసింది. తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది ఆయ్, ఆకు కదల్లేదు, అయిపోయిందనుకుని నాన్న లాంతరు పట్టుకుని దూడని వెతకడానికి వెళ్ళారు. అది తుఫాను కన్ను అని మాకెవరికీ తెలీదు. మళ్ళీ గాలి దక్షిణం నించి కొట్టింది, ముందు గాలికి ఇటు వాలిన కొబ్బరిచెట్లు అటు మెలితిరిగి మొవ్వు దగ్గర విరిగాయి. నాన్న చెట్టు మొదలు కౌగిలించుకుని తెల్లారేదాకా ఉన్నారు. దూడ దొరకలేదు. నీ స్పెల్‌లో లేనిది ఆ మధ్యలో నిశ్శబ్దం.

పాచికల_పిచ్చి:
అన్నా, ఒళ్ళు జలదరించింది. గట్టూ, ఇదే పెట్టు. మూడు రౌండ్లు ఉత్తరం గాలి, స్ట్రెంత్ సేవ్ ఫెయిలైతే పడిపోతారు. తర్వాత కన్ను, డ్యామేజీ లేదు, జనం వీధుల్లోకొస్తారు, ఆవిడ కనపడుద్ది, బాణం వెయ్యడానికి అదే ఛాన్సు. అప్పుడు దక్షిణం గాలితో ఉప్పెన. ఒకసారి నీళ్ళు ఊళ్ళోకొచ్చాక కాన్సంట్రేషన్ పోయినా గాలి ఆగుద్ది గానీ నీళ్ళు వెనక్కి పోవు.

గౌతమీ_గట్టు:
ఆ చివరి రూలు రాసేసుకున్నా. 1839లో ఉప్పెనకి దెబ్బతిన్న, కాకినాడ దగ్గరి కోరంగి రేవు లాగే పెడతా పట్నాన్ని, బావుల్లో ఉప్పునీళ్ళు మిగిలిపోతాయి, మంచినీళ్ళు తేవడమే తర్వాతి సెషన్. కన్ను ఎన్ని రౌండ్లు ఉంచమంటారన్నా?

ముమ్మిడివరం_కొబ్బరి:
వాళ్ళకి చెప్పకు. నువ్వు కూడా ముందే అనుకోకు, తెర వెనకాల డై వేసుకో. ఎంతసేపో మాకూ తెలీలేదు.