వెయ్యి గజాల రైఫిల్ షూటింగ్‌లో టీఆర్, ఎఫ్ క్లాస్ అంటే ఏంది?

చంద్రగిరి_కుర్రోడు:
అన్నలూ, తిరుపతిలో డిగ్రీ సెకండియర్ నేను. ఎన్‌సీసీ క్యాంప్‌లో పాయింట్ టూ టూ రైఫిల్‌తో 25 మీటర్లు కొట్టినప్పటి నుంచి ఇదే పిచ్చి. యూట్యూబ్‌లో ఇంగ్లండ్ బిస్లీ మ్యాచ్‌లు చూస్తా ఉండా, కొందరు చేతికి బెల్టు చుట్టుకోని పడుకోని కొడతారు, ఇంకొందరు ముందర స్టాండ్ పెట్టి స్కోప్‌లో చూసి కొడతారు, రెండూ ఒకే ఆటేనా? మనకు దాంట్లోకి దారి ఉందా?

రేణిగుంట_మామ:
ఒకటి కాదబ్బా. బెల్టు అంటే స్లింగు, అది టార్గెట్ రైఫిల్, టీఆర్ అంటారు. స్కోప్ ఉండదు, గురి చూసే సైటు అంటే వెనక బెజ్జం ముందర రింగు, అంతే. 300 గజాల నుంచి 1000 దాకా పోతాది, పాల్మా అనే దూరాల మ్యాచ్ అయితే 800, 900, 1000. స్టాండ్ ఉండేది ఎఫ్ క్లాస్. కెనడాలో జార్జ్ ఫార్కర్సన్ అనే ఆయన మొదలుపెట్టినాడు, ఎఫ్ ఆయన పేరుదే. వయసు మీద పడి చూపు తగ్గి స్లింగు బిగించలేనోళ్ళు ఆట వదిలేయకూడదని పెట్టింది, ఇప్పుడు కుర్రోళ్ళే ఎగబడతా ఉండారు. దాంట్లో మళ్ళా రెండు రకాలు. ఎఫ్‌టీఆర్ అంటే త్రీ నాట్ ఎయిట్, టూ టూ త్రీ క్యాలిబర్లు, అంటే గుండు సైజులు, రెండే, బైపాడ్ అనే రెండు కాళ్ళ స్టాండ్‌తో కలిపి రైఫిల్ 8.25 కిలోలు దాటకూడదు. రెండోది ఎఫ్ ఓపెన్, దాంట్లో 10 కిలోలు, 8 మిల్లీమీటర్ల లోపల ఏ క్యాలిబర్ అయినా సరే.

పలమనేరు_బుల్లెట్:
స్టాండ్ ఉంది కదా సులువు అనుకునేవు, ఎఫ్ క్లాస్ వాళ్ళకు టార్గెట్ మధ్య రింగు ఇంకా చిన్నది. అయినా రెండింట్లోనూ అసలు ఆట గాలితోనే. గంటకు 10 మైళ్ళ అడ్డగాలికి త్రీ నాట్ ఎయిట్ గుండు వెయ్యి గజాల కాడికి పోయేసరికి రెండు మీటర్లకు పైనే పక్కకు పోతాది, రేంజ్‌లో గాలి జెండాలు చూసి సైటు తిప్పడం రాకపోతే ఎంత మంచి రైఫిల్ ఉన్నా దండగ. మన ఆషాఢం గాలిలో నిలబడి చూడు, ఒక్క నిమిషం ఒకే మాదిరి వీచదు, అదే వాళ్ళ తలనొప్పి కూడా.

రేణిగుంట_మామ:
దారి సంగతికొస్తే, త్రీ నాట్ ఎయిట్, టూ టూ త్రీ మాదిరి మిలిటరీ వాడే క్యాలిబర్లు మనకు మామూలు లైసెన్స్ మీద రావు, కాబట్టి ఎఫ్‌టీఆర్ గన్ కలలు ఇప్పటికి పక్కన పెట్టు. 50 మీటర్ల ప్రోన్, అంటే పడుకోని కొట్టేది, పట్టుకో. అదే పడక, అదే స్లింగు, అదే బెజ్జం సైటు, పాయింట్ టూ టూ గుండు చిన్నదే కాబట్టి గాలి కూడా నేర్పిస్తాది. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్ కాంస్యంతో పాటు ప్రోన్ కూడా ఆడినాడు. రియో తర్వాత ఒలింపిక్స్‌లో ప్రోన్ తీసేసినారు, నాకైతే అది నచ్చలేదు, ఇప్పుడు మోకాలి మీద, పడుకోని, నిలబడి కొట్టే త్రీ పొజిషన్స్‌లో ఒక భాగంగానే ఉండాది, 2024 ప్యారిస్‌లో స్వప్నిల్ కుసాలేకి కాంస్యం వచ్చింది దాంట్లోనే.

చంద్రగిరి_కుర్రోడు:
క్లబ్బులో ముందు ఎయిర్ రైఫిల్ అంటారేమో, అది నిలబడి కదా మామా, పనికొస్తాదా?

రేణిగుంట_మామ:
ట్రిగ్గర్‌కీ ఊపిరికీ పనికొస్తాది, కొన్నాళ్ళు చెయ్. చేరే ముందే కోచ్‌ని పాయింట్ టూ టూ ప్రోన్ నేర్పిస్తారా అని అడుగు, షూటింగ్ జాకెట్ మాత్రం అప్పుడే కొనొద్దు, ఖరీదెక్కువ.