సర్కారు తుమ్మ తీసేశాక పాత గడ్డి మళ్లీ రావాలంటే?

ఎర్రచెలక: అనంతపురం వైపు ఊరి బీడు, 2 ఎకరాలు, ఎర్రనేల. తుమ్మ కొట్టేశారు. నాటు గడ్డి విత్తనం ఎప్పుడు సేకరించాలి, ఎలా వేయాలి?

గరికపోచ: ముందు మొద్దుల సంగతి చూడండి. నేలమట్టానికి నరికితే తుమ్మ మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, వేరు మొదలు కింద అడుగు లోతున నరకాలి. నేలలో పడ్డ గింజలు ఏళ్ల తరబడి మొలుస్తూనే ఉంటాయి. వానకు నేల మెత్తబడ్డప్పుడు మొలకల్ని చేత్తో పీకేయండి.

బోదకట్ట: విత్తనం అక్టోబరు-నవంబరులో, కంకి లాగితే చేతికి ఊడివచ్చే దశలో తీయాలి. హెటెరోపోగాన్ (ముల్లుగడ్డి) కంకిలో జంటగా ఉన్న వాటిలో నల్లతోక ఉన్నదానిలోనే గింజ ఉంటుంది, పక్కనున్న తోకలేనిది తాలు. గోటితో నొక్కి చూడండి, గట్టిగా తగలాలి. తాజా గింజకు నిద్రావస్థ ఉంటుంది, వెంటనే వేస్తే మొలవదు. గోనెసంచిలో పొడిగా ఉంచి వచ్చే జూన్ తొలకరికి వేయండి. శుభ్రం చేసింది ఎకరాకు 2 కిలోలు సరిపోతుంది. తోకలు చిక్కుపడి ముద్దలవుతాయి కాబట్టి పేడ, బంకమన్ను, ఇసుక కలిపి చిన్న ఉండలు చేసి ఆరబెట్టండి. సెంటీమీటరు కంటే లోతు పోకూడదు.

ఎర్రచెలక: దున్నాలా అండీ?

బోదకట్ట: వద్దు. దున్నితే కలుపే ముందు లేస్తుంది, మిగిలిన పాత గడ్డి దుబ్బులూ పోతాయి. పైమట్టి గీరితే చాలు. ఆ తోకే తడికి మెలి విడి, ఎండకు మెలి పడి గింజను నేలలోకి తోస్తుంది.

జీవాలమంద: అదే తోక గొర్రె ఉన్నిలో దూరి చర్మం దాకా గుచ్చుకుంటుంది. మొదటి ఏడు మేపు పూర్తిగా ఆపండి. తర్వాత కంకి వేయకముందు గానీ, గింజ రాలాక గానీ తోలండి. కోసేటప్పుడు జానెడు దుబ్బు వదలాలి. ముదిరిన గడ్డిని జీవాలు ముట్టవు.

నల్లరేగడి: ఖాళీ ఉంది కదా అని వేప, కానుగ నాటించకండి, దయచేసి. బీడంటే పనికిరాని భూమని రాసేయడం వల్లే ఇలాంటి నేలలు పోయాయి. కర్నూలు జిల్లాలో (ఇప్పుడు నంద్యాల) రోళ్లపాడు అభయారణ్యం 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పడింది. ఆ పక్షి నేలమీదే, సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. దూరం దాకా చూపు ఆనాలి. చెట్లు గుబురైతే గద్దలకు, కాకులకు కూర్చునే చోటు దొరుకుతుంది.

గరికపోచ: రెండో ఏడు దుబ్బుల మధ్య ఖాళీలుంటే మళ్లీ విత్తనం చల్లండి. నిప్పు మాత్రం పెట్టకండి. పదే పదే కాలిస్తే ముల్లుగడ్డే పెరిగి, సెహిమా గడ్డి లాంటి మంచి మేత తగ్గిపోతుంది.